మెరిసింది బంగారం కాదు, మన ట్యూబ్‌లైటు

ఈ పేజీలో నేను ఇదివరకు రాసినవన్నీ తీపి జ్ఞాపకాలే: తాత సైకిలు, కోలారు ఇంటి వెనక చింతచెట్టు, అవ్వ చేసే రాగిముద్ద. ఈసారి అట్లాంటిది కాదు. ఈసారి కొట్లాడడానికే రాస్తున్నా. నేను కన్నడ మీడియంలో చదివినదాన్ని. తెలుగు రాయడం ఉద్యోగంలో చేరినాక నేర్చుకున్నదాన్ని. అక్షరాల్లో తప్పులుంటే దిద్దండి, సంతోషంగా దిద్దించుకుంటా. విషయంలో తప్పుందంటే మాత్రం చివరిదాకా చదివి అప్పుడు చెప్పండి.

విషయం ఇది. మన ఇంట్లో ఒక్కరికీ నగల ఫోటో తీయడం రాదు. రాకపోవడం తప్పు కాదు. రాని పనిని "ఎంత బాగా వచ్చిందో" అని గ్రూపులో మెచ్చుకుంటూ కూర్చోవడం తప్పు. ముత్తాత పుంగనూరు పక్క నుంచి కోలారు బంగారు గనుల్లో పనికి వచ్చినాడు. తాత అదే గనిలో రిటైరయినాడు. 2001 ఫిబ్రవరి 28న ఆ గనులు మూసేసినారు. బంగారం తవ్వి బతికిన వంశం మనది. ఆ వంశం నగలు చూపించమని ఎవరైనా అడిగితే మన దగ్గర ఉండేది ఏమిటి? ఎర్ర మఖ్మలు మీద నాలుగు తెల్ల మచ్చలు.

నాకు కోపం ఎందుకొచ్చిందో ముందు చెప్తా.

ముత్తవ్వ అడ్డిగ అందరికీ గుర్తే. కెంపులు పొదిగిన బిళ్ళ, రెండు పక్కలా గుండ్లు. 2019లో చిన్నాయన కూతురి పెళ్లికి దాన్ని బెంగళూరులో ఒక అంగట్లో ఇచ్చి కొత్త హారం తీసుకున్నారు. అది తప్పని నేను అనడం లేదు, ఎప్పుడూ అనలేదు. ఇంట్లో బంగారం ఉండేదే ఆడపిల్ల అవసరానికి. అంగడివాళ్ళు రాళ్ళ బరువు తీసేసి, లోపలి లక్క బరువు తీసేసి, మిగతాదానికి లెక్క కట్టి, మన కళ్ళముందే కరగబెట్టినారు. ముందు రోజు రాత్రి "జ్ఞాపకానికి ఉంటుందిలే" అని ఎవరో నాలుగు ఫోటోలు తీసినారు. రాత్రి తొమ్మిదిన్నరకి, ట్యూబ్‌లైటు కింద, ఫోను ఫ్లాష్ వేసి, పెట్టెలోంచి బయటికి కూడా తీయకుండా.

ఆ బిళ్ళ వెనక ఒక అక్షరం గీసి ఉండేది. ముత్తవ్వ పేరులో మొదటి అక్షరం, "స". నా చిన్నప్పుడు అవ్వ నా వేలు పట్టుకొని దాని మీద తడిమించింది. అప్పుడు నాకు ఒకే లిపి వచ్చు, కన్నడ. అందుకే అది నాకు కన్నడ "స"గానే గుర్తు. అది నిజమో, నాకు తెలిసిన అక్షరాన్ని నేనే అక్కడ చూసుకున్నానో, ఇప్పుడు చెప్పలేను.

తెలుగు, కన్నడ లిపులు ఒకప్పుడు ఒకటే. ఇప్పటికీ సగం అక్షరాలు అక్కచెల్లెళ్ళలాగా ఉంటాయి. నేను తెలుగు చదవడం నేర్చుకున్నదే ఆ ధైర్యంతో. "స" రాస్తే కింది భాగం రెండింటిలోనూ దాదాపు అదే. తేడా అంతా నెత్తి మీద. తెలుగులో తలకట్టు టిక్కు పెట్టినట్టు పైకి లేస్తుంది. కన్నడలో అది అడ్డంగా పరుచుకొని చివర వంపు తిరుగుతుంది. అంటే ఆ బిళ్ళ మీద ఒక గోరంత గీత, పైకి లేచిందా, పక్కకి పోయిందా, అంతే ప్రశ్న. మన దగ్గరున్న నాలుగు ఫోటోల్లో ఒకదానిలో బిళ్ళ వెనక వైపు కనిపిస్తుంది. అక్షరం కింది వంపు లీలగా తెలుస్తుంది. దాని నెత్తి మీద సరిగ్గా ఫ్లాష్ పడి తెల్లగా మండిపోయింది.

ఇంత చిన్నదానికి ఇంత గొడవా అంటారా? పెద్దనాయన చెప్పే కథ ఏమిటి? అడ్డిగ పుంగనూరులో ఆచారి చేసినాడు, పెళ్లిలో పెట్టినారు, ముత్తవ్వ దాన్ని మెడలో వేసుకొని కోలారు వచ్చింది. పెద్దత్త చెప్పే కథ ఏమిటి? వచ్చేటప్పుడు చేతిలో చిల్లిగవ్వ లేదు, గని కూలి డబ్బుల్లో దాచి దాచి రాబర్ట్‌సన్‌పేటలో అక్కసాలి దగ్గర చేయించుకుంది. ఈ రెండు కథల్లో ఉండేది ఒకే ముత్తవ్వ కాదు. ఒకామె ఉన్నింటి నుంచి వచ్చింది. ఇంకొకామె ఏమీ లేకుండా వచ్చి సంపాదించుకుంది. మనం ఎవరి మునిమనవళ్ళమో చెప్పే సాక్షి ఒక్కటే ఉండింది, దాన్ని మనమే ట్యూబ్‌లైటుకి అప్పజెప్పినాం.

"ఆచారి గీసిన గీతలో తలకట్టు ఏం తెలుస్తుంది పాపా" అని చిన్నాయన అన్నాడు. తెలియకపోవచ్చు చిన్నాయనా. తెలుగు ఆచారి కోలారులో కూడా ఉండొచ్చు. ఆ అక్షరం ఒక్కటే అంతా తేల్చేస్తుందని నేను అనడం లేదు. కానీ దాన్ని చూసి "తెలియదు" అనడం వేరు, చూడకుండా "తెలియదు" అనడం వేరు. నా ఉద్యోగంలో మొదటిదాన్ని ఫలితం అంటారు, రెండోదాన్ని పని ఎగ్గొట్టడం అంటారు.

ఇప్పుడు అసలు మాట. మనవాళ్ళకి నగ ఫోటో అంటే ధగధగ మెరవాలి. మెరవకపోతే "ఏంది, గిల్టు మాదిరి ఉంది" అంటారు. నేను చెప్పేది, ఆ మెరుపు నగది కాదు. నున్నటి బంగారం అద్దం. పసుపు రంగు అద్దం. అద్దం దగ్గర తనదంటూ వెలుగు ఏమీ ఉండదు, ఎదురుగా ఏముంటే అది చూపిస్తుంది. స్టీలు గరిటెలో మన మొహం తలకిందులుగా కనిపిస్తుంది కదా, అట్లాగే అడ్డిగ గుండులో మన గది మొత్తం ఉంటుంది. కిటికీ, ఫ్యాను, ట్యూబ్‌లైటు, ఫోను పట్టుకున్న చేయి, చొక్కా రంగు. ఫోటోలో తెల్లగా మెరిసే గీత ఏమిటంటే మన ట్యూబ్‌లైటు బొమ్మ. మనం నగని ఫోటో తీయలేదు. నగలో మన హాలుని ఫోటో తీసుకున్నాం.

ఇది రుచికి సంబంధించిన మాట కాదు, లెక్క. వెలుగు ఏ కోణంలో వచ్చి తగిలితే అదే కోణంలో అవతలికి పోతుంది. ఫోనులో ఫ్లాష్ లెన్స్ పక్కనే ఉంటుంది. అంటే ఫ్లాష్ వేసి నగకి ఎదురుగా నిలబడితే ఆ వెలుగు తిన్నగా తిరిగి లెన్స్‌లోకే వస్తుంది. నగ ఫోటోకి అంతకన్నా చెడ్డ చోటు వెతికినా దొరకదు. మన నాలుగు ఫోటోలు తీసింది అక్కడి నుంచే.

గ్రూపులో నాకు వచ్చిన జవాబులు ఇవి. ఒక్కొక్కటిగా చెప్తా.

మొదటి జవాబు: "ఎడిటింగ్‌లో సరిచేసుకోవచ్చు కదా." లేదు. మామూలు ఫోటోలో ప్రతి చుక్కకీ ఎరుపు, పచ్చ, నీలం మూడు అంకెలుంటాయి, ఒక్కోటి 0 నుంచి 255 దాకా. వెలుగు మరీ ఎక్కువైతే మూడూ 255కి పోయి ఆగిపోతాయి. అక్కడ గీత ఉండిందా, నున్నగా ఉండిందా అనేది అంకెలో లేదు. చీకటిగా వచ్చిన ఫోటోని కొంచెం పైకి లేపొచ్చు. కాలిపోయిన చోట తవ్వి తీయడానికి ఏమీ మిగలదు. అందుకే నగ ఫోటో తీసేటప్పుడు తెర మీద నగని తాకి, పక్కన వచ్చే గుర్తుని కిందికి జరిపి వెలుగు తగ్గించమంటున్నా. కొంచెం మబ్బుగా కనిపించినా పరవాలేదు.

రెండో జవాబు: "ఏఐ యాప్ ఉంది, వేస్తే క్లీన్‌గా వస్తుంది." వేసినారు కూడా. ఆ తెల్లమచ్చ పోయింది, దాని చోట చక్కటి బంగారం వచ్చింది, అక్షరం కూడా స్పష్టంగా వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టినారు. ఆ అక్షరాన్ని పెద్దది చేసి చూడండి. అది తెలుగు కాదు, కన్నడ కాదు, ఏ భాషదీ కాదు. ముందువైపు ఫోటోలో కెంపులు పదకొండు ఉంటే యాప్ చేసిన దాంట్లో పన్నెండు ఉన్నాయి. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని, పద్నాలుగేళ్ళుగా ఇదే పని. డేటా లేని చోట ప్రోగ్రామ్ తనకి తోచింది నింపితే దాన్ని బాగుచేయడం అనం, పాడుచేయడం అంటాం. ఆ ఫోటోని దయచేసి ఈ పేజీ నుంచి తీసేయండి. ఇంకో ముప్పై ఏళ్ళకి మన పిల్లలు అదే అసలుదని నమ్ముతారు.

మూడో జవాబు: "స్టూడియో అబ్బాయిని పిలిస్తే సరి." పిలిచినాం, మా అమ్మ గాజులకి. అతను మంచివాడే, రెండు పెద్ద లైట్లు తెచ్చినాడు, పెళ్ళి ఆల్బమ్ మాదిరి తీసి ఇచ్చినాడు. ఒక్కో గాజులో రెండు లైట్లూ, మధ్యలో అతనూ కనిపిస్తున్నారు. తప్పు అతనిది కాదు. మనం "మెరవాలి" అని అడిగినాం, అతను మెరిపించినాడు. గీతలు కనపడాలని మనం అడగలేదు. పైగా వేడెక్కే పాత లైట్లు అయితే ఇంకో ముప్పు ఉంది. పాత బోలు నగల లోపల లక్క ఉంటుంది. లక్క వేడికి మెత్తబడుతుంది.

నాలుగో జవాబు పెద్దత్తది: "ముందు పాలిష్ చేయించి, కుంకుడుకాయ రసంలో కడిగి తీద్దాం." అత్తా, కాళ్ళు పట్టుకుంటా, ఆ పని చేయొద్దు. పాలిష్ అంటే పైపైన అరగదీయడమే. పలచటి గీత మొదట పోయేది అక్కడే. ఇక కడగడం. నీ ఏడు రాళ్ళ బేసరి వెనక మూసిన కట్టుడు. అట్లాంటి పాత కట్టుడులో రాయి కింద మెరుపుకి పలచటి రేకు పెట్టి ఉండొచ్చు. నీళ్ళు లోపలికి దిగితే రేకు నల్లబడుతుంది, రాయి చచ్చిపోయినట్టు కనిపిస్తుంది. మెత్తటి పొడి బట్టతో నెమ్మదిగా తుడిస్తే చాలు. సందుల్లో మురికి ఉంటే ఉండనీ. అది అవ్వ ముక్కు మీద నలభై ఏళ్ళు ఉన్నదానికి గుర్తు.

ఐదో జవాబు: "దిష్టి తగులుతుంది, దొంగలు చూస్తారు." దిష్టి సంగతి నాకు తెలియదు గానీ దొంగల మాట ఒప్పుకుంటా. అందుకే ఫోటోలు ఇక్కడ పెట్టమని నేను అడగడం లేదు. తీసి దాచమంటున్నా. ఫోను కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆపేయండి, లేకపోతే ఏ ఇంట్లో తీసినారో ఫోటోలోనే రాసి ఉంటుంది. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. నిజంగా దొంగతనం జరిగితే పోలీసులకి చూపించడానికి మన దగ్గర ఉండాల్సింది కూడా ఈ ఫోటోలే. "ఎర్ర రాళ్ళది సార్, బాగా మెరుస్తుంది" అంటే ఎవరు పట్టుకుంటారు?

సరే, విమర్శ అయింది. మరి ఎట్లా తీయాలి అంటారు. దీనికి పెద్ద కెమెరా అక్కర్లేదు. నేను రెండు నెలలు మా అమ్మ నగలతో, నా ఫోనుతో, అదే పనిగా తీసి చూసినాను. ఒకసారి ఒక్కటే మార్చి, మిగతావి అట్లాగే ఉంచి. సామాను అంతా కలిపి అరవై రూపాయలు కాలేదు.

మొదటి సూత్రం: మెరుపుని తీసేయలేం, అది దేన్ని చూపించాలో మనం నిర్ణయించాలి. అద్దం ఏదో ఒకటి చూపించక మానదు. దాని చుట్టూ తెల్లది పెడితే తెల్లది చూపిస్తుంది. అంగళ్ళ ఫోటోల్లో ఉండే నున్నటి బంగారం రంగు అదే, చుట్టూ ఉన్న తెల్ల గుడారం. మనకి గుడారం అంటే తెల్ల ప్లాస్టిక్ పెరుగు డబ్బా. ఎండకి పట్టి చూస్తే లోపలికి వెలుగు రావాలి, అట్లాంటిది చూసుకోండి. అడుగున లెన్స్ పట్టేంత బొక్క కోసి, నగ మీద బోర్లించి, బొక్కలోంచి తీయండి. డబ్బా దొరక్కపోతే నాలుగు పక్కలా బటర్ పేపర్ నిలబెట్టండి. వెలుగు దాంట్లోంచి వడగట్టుకొని రావాలి.

రెండో సూత్రం: ఒకే రకం వెలుగు. ఎండ నేరుగా పడని కిటికీ పక్కన, పగలు తొమ్మిది పది మధ్య. ట్యూబ్‌లైటు ఆపేయండి. కిటికీ వెలుగు ఒక రంగు, ట్యూబ్ ఇంకో రంగు, రెండూ కలిస్తే బంగారం ఒక పక్క నీలంగా, ఒక పక్క పసుపుగా వస్తుంది. ఎర్ర మఖ్మలు పెట్టె మూసి బీరువాలో పెట్టేయండి. బంగారం ఆ ఎరుపుని కూడా మింగి రాగిలాగా కనిపిస్తుంది. తెల్ల కాగితం మీద పెట్టండి. ఫోటో తీసేవాళ్ళు ఎర్ర చీర, పచ్చ చొక్కా వేసుకోవద్దు, అది కూడా గుండ్లలో కనిపిస్తుంది.

మూడోది దూరం. చిన్న నగ కదా అని ఫోనుని ముక్కు మీదికి తెస్తారు. చాలా ఫోన్లు మరీ దగ్గరికి పోతే వాటంతట అవే వెడల్పు లెన్స్‌కి మారిపోతాయి. నగ వంకర పోతుంది, ఫోను నీడ నగ మీద పడుతుంది, ఫోను బొమ్మ నగలో పడుతుంది. వెనక్కి జరగండి. రెండింతలు చూపించే లెన్స్ ఉంటే అది పెట్టుకోండి. ఫోనుని పుస్తకాల మీద ఆనించి, రెండు సెకండ్ల టైమర్ పెట్టి, చేయి తీసేయండి.

నాలుగోది, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది, గీసిన అక్షరాలు. తెల్ల గుడారంలో అక్షరం కనపడదు. నగ నున్నగా, అందంగా వస్తుంది, గీత మాయమైపోతుంది. దానికి ఎదురు పని చేయాలి. బిళ్ళ ఉన్న చోట, బిళ్ళ ఎట్లా వాలి ఉందో అట్లాగే, ఒక చిన్న అద్దం ముక్క పెట్టి ఫోను వైపు నుంచి చూడండి. అద్దంలో గదిలోని ఏ చోటు కనిపిస్తుందో సరిగ్గా ఆ చోట ఒక నల్ల అట్ట పెట్టండి. అద్దం తీసి బిళ్ళ పెట్టండి. ఇప్పుడు బిళ్ళ నున్నటి భాగం నలుపుని చూపిస్తుంది. ఒక చిన్న టార్చిని పక్క నుంచి, బాగా కిందుగా, బిళ్ళ మీద వాల్చి వేయండి. నున్నటి చోట వెలుగు అవతలికి జారిపోతుంది. గీత అంచుల్లో మాత్రం చెదిరి లెన్స్ వైపు వస్తుంది. నల్ల బిళ్ళ మీద తెల్ల అక్షరం లేస్తుంది. టార్చిని చుట్టూ తిప్పుతూ నాలుగు వైపుల నుంచి నాలుగు ఫోటోలు తీయండి, ఒక వైపు దాగిన గీత ఇంకో వైపు బయటపడుతుంది.

చిన్నాయన ఒక వీడియో చూసి ఫోనుకి తగిలించే పోలరైజర్ అద్దం కొన్నాడు. దాన్ని పారేయొద్దు, కానీ దాని మీద ఆశ పెట్టుకోవద్దు. నీళ్ళ మీద, గాజు మీద ఏటవాలుగా పడే మెరుపుని అది బాగా తగ్గిస్తుంది. లోహం మెరుపు అట్లాంటిది కాదు, మామూలు వెలుగులో ఆ అద్దానికి లొంగదు. రాళ్ళ మీద కొంచెం పనికొస్తుంది, బంగారం మీద డబ్బులు దండగ.

నా వైపు లోపాలు కూడా చెప్పాలి కదా. తెల్ల గుడారంలో రాళ్ళు చచ్చినట్టు కనిపిస్తాయి. రాయికి చిన్న చుక్క లాంటి వెలుగు కావాలి. అందుకే రాళ్ళకి వేరే ఫోటో, లోహానికి వేరే ఫోటో, అక్షరానికి వేరే ఫోటో. ఒకే ఫోటోలో అన్నీ రావు. గుండ్లలో అయితే ఎంత చేసినా లెన్స్ బొక్క ఒక నల్ల చుక్కలాగా కనిపిస్తుంది. గుండ్రటి అద్దం అన్ని వైపులా చూస్తుంది, దాని నుంచి దాక్కోలేం. ఆ చుక్క ఉండనివ్వండి. దాన్ని తుడిచే యాప్ కన్నా ఆ చుక్కే నయం.

ప్రతి ఫోటోలో నగ పక్కన స్కేలు పెట్టండి. స్కేలు లేకపోతే ఇప్పటి పది రూపాయల బిళ్ళ పెట్టండి, దాని అడ్డకొలత 27 మిల్లీమీటర్లు. బరువు గ్రాముల్లో రాయండి. అవ్వ "మూడు తులాలు" అనేది. అవ్వ కాలం తులం 11.66 గ్రాములు, ఇప్పుడు అంగట్లో తులం అంటే 10 గ్రాములు. నోటి మాటలో ఉంచుకున్న బరువు కూడా ఇట్లాగే కరిగిపోతుంది.

ఒక మాట అడుగుతా. కొత్తగా కొన్న హారం మీద హాల్‌మార్కు ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాల, అంకెల గుర్తు సంఖ్య లేకుండా హాల్‌మార్కు నగలు అమ్మకూడదని నియమం. ప్రతి నగకీ వేరే సంఖ్య. దాన్ని మనం భూతద్దం పెట్టి చూసుకుంటాం, బిల్లుతో పోల్చుకుంటాం, ఫోటో తీసి దాచుకుంటాం. ముత్తవ్వ అడ్డిగకి కూడా గుర్తు ఉండింది. ఒక్క అక్షరం. ప్రభుత్వం వేసింది కాదని దాన్ని చూడలేదు.

ఇంకొకటి చెప్పి ముగిస్తా. ముత్తవ్వ వస్తువుల్లో కరగకుండా మిగిలింది వెండి కుంకుమ భరిణె ఒక్కటే. మా అమ్మ దగ్గరుంది. దాని మూత నున్నగా ఉంటుందని, ఏమీ లేదని అందరం అనుకునేవాళ్ళం. పోయిన నెల నల్ల అట్ట, టార్చి పద్ధతి దాని మీద పెట్టినాను. పదకొండో ఫోటోలో మూత అంచు దగ్గర గీతలు లేచినాయి. ముత్తవ్వ పేరు, మొత్తం. ఆడించి ఆడించి సగం అరిగిపోయింది, కానీ మొదటి "స" నెత్తి మీద గీత స్పష్టంగా ఉంది. అడ్డంగా ఉంది. కన్నడ.

ఇది అడ్డిగ గొడవ తేల్చదు. భరిణె తర్వాతెప్పుడో కోలారులో కొని ఉండొచ్చు. పెద్దనాయన అదే అన్నాడు, న్యాయమే. కానీ చదువురాని ముత్తవ్వ కోసం ఎవరో ఆమె పేరుని కన్నడలో గీసినారని మనకి ఒక నెల కిందటి దాకా తెలియదు. అది తొంభై ఏళ్ళు మన చేతుల్లోనే ఉంది. రోజూ మెరుస్తూనే ఉంది.

అక్షయ తృతీయకి పెద్దత్త బేసరి మార్చాలనుకుంటున్నట్టు విన్నాను. అది నీది అత్తా, నీ ఇష్టం, నేను అడ్డం రాను. నాకు రెండు ఆదివారాలు ఇవ్వు. తెల్ల డబ్బా, నల్ల అట్ట, టార్చి అన్నీ నేనే తెస్తా. కిటికీ పక్కన చిన్న బల్ల ఒకటి ఖాళీ చేసి పెట్టు. కడగొద్దు, పాలిష్ చేయించొద్దు. మిగతా అందరూ బీరువాలో ఏ పాత వస్తువున్నా, వెండిదైనా, ఇత్తడిదైనా, తీసుకొని రండి. ట్యూబ్‌లైటు మాత్రం ఎవరూ వేయొద్దు.